పిల్లి ఉన్న ఫ్లాటులోకి పెద్ద కుక్కను తెస్తున్నారా? ముందు పిల్లికి దారి చూడండి

మీరు చెప్పిన వివరాలు ఇవి. హైదరాబాదులో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఇంట్లో ఐదేళ్ల ఆడ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఇంతవరకు కుక్క అంటే ఏమిటో దానికి తెలియదు. వచ్చే ఆదివారం షెల్టర్ నుంచి ఏడాదిన్నర వయసున్న మగ దేశీ కుక్కను తెస్తున్నారు. "రెండింటినీ ఒకచోట వదిలేస్తే రెండు రోజుల్లో అవే సర్దుకుంటాయి" అని మీ అత్తయ్యగారు అంటున్నారు. అది నిజమేనా, ఎన్నాళ్లు పడుతుంది, కుక్క మెడకు మువ్వ కట్టాలా అని అడిగారు. మా ఇంట్లో పిల్లులున్నాయి. షెల్టర్ కుక్కలకు ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో చోటివ్వడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అత్తయ్యగారి మాట గాల్లోంచి పుట్టింది కాదు. ఆవిడ చూసిన ఇళ్లలో అలాగే జరిగి ఉంటుంది. ముందు వాకిలి, వెనక పెరడు, చుట్టూ ప్రహరీ, పైన పెంకుల కప్పు. కుక్క వాకిట్లో పడుకునేది, పిల్లి వంటింట్లో ఎలకల కోసం తిరిగేది. కుక్క వెంటపడితే పిల్లి ఒక్క గెంతులో గోడెక్కి అక్కణ్ణించి కప్పు మీదికి పోయేది. నాలుగుసార్లు గోడ కింద నిలబడి మొరిగాక కుక్కకే విసుగొచ్చేది. చూసేవాళ్లకి అవి సర్దుకున్నట్టు కనిపించేది. నిజానికి పని చేసింది ఆ గోడ. మీ ఫ్లాటులో ఆ గోడ లేదు. హాల్లో తరిమితే పిల్లి వెళ్లగలిగింది సోఫా కిందికి, లేకపోతే బాల్కనీలోకి. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సామెత మీకు తెలిసిందే. దారి లేని పిల్లి కుక్క కంటి మీద గోరు వేస్తుంది, లేదా మూడో అంతస్తు నుంచి దూకేస్తుంది. అందుకే కుక్కకు పరుపు, గిన్నె కొనేముందు పిల్లి తప్పించుకునే దారులు ఏర్పాటు చేయండి.

ఆ దారి నేల మీద కాదు, పైన ఉండాలి. బీరువా మీద పేర్చిన సూట్‌కేసులు తీసేసి, కాలు జారకుండా పాత డోర్‌మ్యాట్ ఒకటి పరవండి. పక్కనే టేబుల్ ఉంటే పిల్లి రెండు అంగల్లో ఎక్కేస్తుంది. ఫ్రిజ్ మీద, కిటికీ గట్టు మీద, వీలైతే అటక మీద కూడా ఇలాగే చోటు చేయండి. ప్రతి గదిలో ఇలాంటి చోటు ఒకటైనా ఉండాలి. హాల్లో అయితే రెండు, ఎందుకంటే కుక్క ఒకవైపు అడ్డంగా పడుకుంటే పిల్లికి ఇంకోవైపు కావాలి. బాల్కనీకి పావురాల నెట్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. మూలల్లో వదులుగా ఉందేమో చేత్తో లాగి చూడండి. మొదటి నెల ఆ తలుపు మూసే ఉంచితే ఇంకా మంచిది.

పిల్లి గదికి ఒక చిన్న చిట్కా. తలుపుకు లోపలివైపు తాడో కొక్కెమో వేసి, పిల్లి తల పట్టేంత సందు మాత్రమే తెరుచుకునేలా కట్టండి. తల పట్టిన సందులోంచి పిల్లి సాధారణంగా దూరిపోతుంది, పెద్ద కుక్క దూరలేదు. మీ పిల్లి బొద్దుగా ఉంటే ఒకసారి కొలిచి చూసుకోండి. లిట్టర్ బాక్సు (పిల్లి మలమూత్రాలకు వాడే పెట్టె), నీళ్లు, తిండి ఆ గదిలోనే పెట్టండి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. కుక్కలకు లిట్టర్ బాక్సులో ఉండేది మహా ఇష్టం, ఛీ అనుకున్నా అదే నిజం. పిల్లి పని చేసుకునే చోటికి కుక్క తల దూర్చడం మొదలుపెడితే పిల్లి ఆ బాక్సు మానేసి మీ పరుపు మీద వెళుతుంది.

చాలామంది కొత్త కుక్కకు హాలంతా ఇచ్చి పిల్లిని చిన్న గదిలో రోజుల తరబడి బంధిస్తారు. అలా చేయకండి. ఇల్లు పిల్లిది, వచ్చేది కుక్క. రోజులో కొన్ని గంటలు కుక్క రెండో బెడ్‌రూములో ఉండాలి, అప్పుడు పిల్లి ఇల్లంతా తిరగాలి. తర్వాత మార్చండి.

ఇక కుక్క సంగతి. అసలు ఈ కుక్క పిల్లి ఉన్న ఇంటికి సరిపోతుందా అన్నది ఆదివారం లోపే కొంతవరకు తెలుసుకోవచ్చు. చాలా షెల్టర్లలో పిల్లులు కూడా ఉంటాయి. కుక్కకు లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) వేసి పిల్లుల గది జాలీకి దూరంగా నడిపించమని అడగండి, మీరు పక్కన నిలబడి చూడండి. పిల్లిని చూసి చెవులు నిక్కించి, పేరు పిలవగానే మీ వైపు తిరిగితే చాలా మంచిది. ఎగిరి మొరిగినా, చికెన్ ముక్క చూపిస్తే తీసుకుంటే దానితో పని చేయొచ్చు. నాకు భయమేసేది మొరగని కుక్కను చూసి. నోరు మూసుకుని, ఒళ్లు బిగబట్టి, రెప్ప వేయకుండా చూస్తూ, మూతి దగ్గర పెట్టిన చికెన్ కూడా పట్టించుకోకపోతే అది ఆట చూపు కాదు, వేట చూపు. అలాంటి కుక్కను పిల్లి ఉన్న ఇంటికి, అదీ కొత్తగా కుక్కను పెంచేవాళ్లు, తీసుకోవద్దనే చెబుతాను. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి వేట జాతుల పోలికలు ఉంటే ఇంకాస్త ఆలోచించండి. కదిలేదాన్ని కంటితో పసిగట్టి తరమడానికే వాటిని తరాలుగా పెంచారు. మామూలు దేశీ కుక్కల్లో జాతిని బట్టి ఏమీ చెప్పలేం. వీధిలో పిల్లుల్ని తరిమి పెరిగినవీ ఉంటాయి, చేపల మార్కెట్ దగ్గర పిల్లుల పక్కనే నిద్రపోయినవీ ఉంటాయి. ఈ పరీక్ష మీ పిల్లితో మాత్రం చేయకండి.

టీకాల కార్డు అడగండి. కుక్కకు రేబీస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు పడ్డాయా, నట్టల మందు వేశారా చూడండి. పిల్లికి ఏటా వేయించాల్సినవి బాకీ ఉంటే ఈ వారమే వేయించండి. ఇంట్లోనే ఉంటుంది కదా, ఎందుకని చాలామంది మానేస్తారు. కుక్కల పార్వో వైరస్సు, పిల్లుల పాన్‌ల్యూకోపెనియా వైరస్సు దగ్గరి చుట్టాలు. పార్వోలో ఇప్పుడు తిరుగుతున్న కొన్ని రకాలు పిల్లులకూ సోకుతాయి.

ఇప్పుడు చెప్పేది ఒక్కటి మాత్రం దయచేసి మర్చిపోకండి. షెల్టర్ కుక్కకు పిడుదులు ఉండడం మామూలే, ఇంటికి రాగానే మెడ మీద చుక్కల మందు వేస్తారు. కుక్కల కోసం అమ్మే ఆ చుక్కల మందుల్లో కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు అది ఫర్వాలేదు. పిల్లికి అది విషం, ఎందుకంటే పిల్లి కాలేయం దాన్ని సరిగా విరగ్గొట్టలేకపోతుంది. కుక్కకు వేసిన మందులో మిగిలింది పిల్లికి రెండు చుక్కలు వేయడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. తడి ఆరని కుక్క మెడను పిల్లి నాకినా, దాని పక్కన పడుకున్నా ప్రమాదమే. పిడుదుల స్నానానికి వాడే అమిట్రాజ్ కూడా పిల్లికి పడదు. అందుకని డాక్టరు దగ్గర కూర్చోగానే మొదటి మాటగా "ఇంట్లో పిల్లి ఉంది" అని చెప్పండి. నోటి ద్వారా వేసే మాత్రలున్నాయి, కుక్కకు అవి ఇస్తే ఈ గొడవే ఉండదు. ఎప్పుడైనా పిల్లి ఒళ్లు వణుకుతూ, చెవులు అదురుతూ, చొంగ కారుస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

తెచ్చే రోజు కుక్కను నేరుగా లిఫ్టులో పైకి తేకండి. కింద రోడ్డు మీదో పార్కులోనో బాగా నడిపించి, మలమూత్రాలు అయ్యాక తీసుకురండి. పిల్లి అప్పటికే తన గదిలో, తలుపు పూర్తిగా మూసి ఉండాలి. కుక్క లీష్‌తోనే ఇల్లంతా వాసన చూసి తన చోటు తెలుసుకుంటుంది. ఆ రోజు పరిచయాలు లేవు. మర్నాడు కూడా లేవు. కుక్క తిని, నిద్రపోయి, పిలిస్తే మీ వైపు చూసే స్థితికి వచ్చేదాకా పిల్లి కనబడనక్కర్లేదు. ఇంకో మాట: షెల్టర్ నుంచి వచ్చిన కుక్క మొదటి వారం బుద్ధిమంతుడిలా ఉంటుంది. అది బుద్ధి కాదు, బెదురు. రెండు మూడు వారాలకు ఇల్లు తనదనుకున్నాక అసలు స్వభావం బయటికి వస్తుంది. మొదటి మూడు రోజులు పిల్లి వైపు చూడలేదని సంబరపడి తలుపులు తెరిచేసినవాళ్లే తర్వాత ఫోన్ చేస్తారు.

ఈలోపు వాసనల పని చేయండి. మెత్తటి గుడ్డతో పిల్లి బుగ్గలు రుద్ది, ఆ గుడ్డను కుక్క గిన్నె పక్కన పెట్టండి. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి, గుమ్మాలకు మూతి రుద్దేది అందుకే. కుక్క పడుకున్న దుప్పటిని పిల్లి గదిలో ఒక మూల వేయండి, తిండి గిన్నెకు మాత్రం దూరంగా. పిల్లి బుస కొట్టి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. రెండు మూడు రోజుల్లో దాని మీద నుంచే నడిచి వెళ్తుంది. తర్వాత మూసిన తలుపుకు చెరోవైపు తిండి పెట్టండి. మొదట తలుపుకు దూరంగా, రోజురోజుకూ కొంచెం దగ్గరగా. పిల్లి తినకుండా తలుపు వైపే చూస్తూ నిలబడితే ఎక్కువ దగ్గరికి తెచ్చారని అర్థం, గిన్నె వెనక్కి జరపండి.

చూపులు కలిపే దశకు మన ఇళ్లలో మంచి సాధనం ఉంది, దోమల జాలీ తలుపు. విదేశీ వీడియోల్లో చూపించే బేబీ గేటును పిల్లి ఎలాగూ దూకేస్తుంది, కొన్ని కుక్కలూ దూకేస్తాయి. జాలీ తలుపు నిలువెత్తున ఉంటుంది. నైలాన్ నెట్ అయితే గోళ్లకు చిరుగుతుంది, స్టీలు జాలీ ఉంటే నిశ్చింత. కుక్క లీష్ ఒకరి చేతిలో ఉండాలి, ఇంకొకరు పిల్లి వైపు. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ చిన్న చిన్న ముక్కలు చేసి రెండు వైపులా పెట్టుకోండి. వంటింట్లో కూర కోసం ఉడికించిన దాంట్లోంచి తీయకండి, ఉల్లి, వెల్లుల్లి రెండింటికీ హాని చేస్తాయి.

ఇక్కడ మీరు కుక్కకు నేర్పేది పిల్లితో స్నేహం కాదు. పిల్లి కనిపిస్తే మీ వైపు తిరగడం. పిల్లి కనబడింది, కుక్క చూసింది, మీరు పేరు పిలిచారు, తిరిగింది, ముక్క నోట్లో పడింది. అంతే. కొన్నాళ్లకు పిలవకుండానే పిల్లిని చూడగానే మీ ముఖం చూస్తుంది. ఆ రోజు పండగ చేసుకోవచ్చు. పిలిచినా తిరగకపోతే అరవకండి, లీష్ గుంజకండి, కుక్కతో కలిసి నాలుగడుగులు వెనక్కి నడవండి. దూరం పెరిగితే చెవులు మళ్లీ పనిచేస్తాయి. ఐదు నిమిషాలు చాలు, బాగా జరుగుతుండగానే ఆపేయండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. మీరు "నో", మీవారు "వదిలేయ్", అత్తయ్యగారు "ఏయ్, ఛీ, పో" అంటే పాపం అది ఎవరి భాష నేర్చుకోవాలి?

కుక్కను కొట్టడం మాత్రం పనికిరాదు. పిల్లి కనిపించినప్పుడల్లా దెబ్బ పడితే, దెబ్బకు కారణం పిల్లే అనుకుంటుంది. పిల్లిని చేతుల్లో ఎత్తుకుని "ఇదిగో నీ తమ్ముడు" అంటూ కుక్క మూతి దగ్గరికి తీసుకెళ్లడం అందరికీ ముచ్చటే. ఆ ముచ్చట చివరికి మీ మెడ మీద గీతలుగా మిగులుతుంది. పిల్లి గోళ్ల కొసలు ముందే కత్తిరించి ఉంచండి. గోరు గీరుకుంటే, అది మీ పిల్లే అయినా, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టరును కలవండి.

పిల్లి బుస కొడితే కంగారు పడకండి. బుస అంటే "అక్కడే ఆగు" అని, పోట్లాట తప్పించడానికి వాడే మాట అది. వాటి భాషలు వేరు కావడం వల్లే సగం గొడవలు వస్తాయి. కుక్క ముందరి కాళ్లు చాచి వంగితే ఆటకు పిలుస్తోందని అర్థం, పిల్లికి మాత్రం అది దూకబోతున్నట్టు కనిపిస్తుంది. పిల్లి తోక అటూ ఇటూ కొడుతుంటే చిరాకులో ఉంది, కుక్క దాన్ని హుషారనుకుని దగ్గరికి వెళ్తుంది. పిల్లి వెల్లకిలా పడితే లొంగిపోయినట్టు కాదు, నాలుగు కాళ్ల గోళ్లూ సిద్ధం చేసుకున్నట్టు. తోక నిటారుగా ఎత్తి నడిచి వస్తే అప్పుడు సంతోషించండి.

ఒకే గదిలోకి తెచ్చేది జాలీ దశ రోజుల తరబడి విసుగ్గా, ఏ గొడవా లేకుండా సాగిన తర్వాతే. కుక్క నడిచి అలసిపోయి ఉండాలి, లీష్ మీ చేతిలో ఉండాలి, పిల్లి పైచోట్లకు దారి తెరిచి ఉండాలి. పిల్లిని గదిలోకి మీరు తీసుకురాకండి, తలుపు తెరిచి ఉంచితే రావాలనిపించినప్పుడు అదే వస్తుంది. ఒక్కసారి కూడా తరిమే అవకాశం ఇవ్వకపోవడం ముఖ్యం. తరమడంలో కుక్కకు ఉండే మజా మీ చేతిలో చికెన్ కంటే పెద్దది, అది ఒకసారి రుచి చూస్తే మీ వారాల పని వెనక్కి పోతుంది. కుక్కకు చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం. తర్వాత లీష్ వదిలేసినా మెడకు తగిలించే ఉంచి నేల మీద ఈడ్చుకోనివ్వండి, అవసరమైతే కాలితో తొక్కి ఆపొచ్చు. మీరు బయటికి వెళ్లేటప్పుడు మాత్రం రెండింటి మధ్య మూసిన తలుపు ఉండాలి, నెలలు గడిచినా సరే.

ఎన్నాళ్లు అంటే, సాఫీగా సాగితే కొన్ని వారాలు, మామూలుగా రెండు మూడు నెలలు. మీ పిల్లికి ఐదేళ్లు, కుక్కల్ని చూసి ఎరగదు. పిల్లిపిల్లలు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకునే వయసు రెండో వారం నుంచి ఏడో వారం దాకానే. కాబట్టి రెండో లెక్కే వేసుకోండి. చివరికి రెండూ ఒకే పరుపు మీద పడుకోవచ్చు, పడుకోకపోవచ్చు. ఒకటి హాల్లో నడుస్తుంటే ఇంకోటి తల ఎత్తకుండా నిద్రపోతే నా లెక్కలో పని పూర్తయినట్టే.

మధ్యలో పిల్లి తిండి మీద కన్నేసి ఉంచండి. ఒక రోజంతా ముట్టకపోతే పరిచయాలు ఆపి వెనకటి దశకు వెళ్లండి. రెండో రోజూ తినకపోతే డాక్టరు దగ్గరికి. బొద్దు పిల్లులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. లిట్టర్ బాక్సులో పదే పదే కూర్చుని మూత్రం రాక ముక్కుతుంటే అదే రోజు చూపించాలి. టెన్షన్ వల్ల పిల్లులకు మూత్రాశయం వాస్తుంది, ఆడ పిల్లికి నొప్పి, మగ పిల్లికైతే దారి మూసుకుపోయి ప్రాణాపాయం. గిన్నెల విషయంలో కూడా జాగ్రత్త. పిల్లి తిండి కుక్కకు అమృతం, అందుకే దాన్ని ఎత్తు మీద పెట్టండి. ఎలాగూ ఇద్దరికీ ఒకే సంచి తెస్తే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోనే అందాలి. అది తక్కువైతే గుండె కండరం దెబ్బతింటుందని 1987లోనే తేలింది. కుక్క తిండిలో పిల్లికి సరిపడా టారిన్ ఉంటుందన్న నమ్మకం లేదు, పెరుగన్నంలో అయితే అసలే సరిపోదు.

మువ్వ సంగతి అడిగారు కదా, కట్టండి, కుక్కకే. కుక్క ఏ గదిలో ఉందో పిల్లికి ముందే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. నిద్రపోయేటప్పుడు తీసేయండి. అది తలుపుకు బదులు కాదు.

షెల్టరు వాళ్లతో ఇప్పుడే ఒక మాట అనుకోండి: మొదట కొన్ని వారాలు తాత్కాలికంగా ఉంచుకుని, కుదిరితేనే దత్తత రాసుకుంటామని. చాలామంది ఒప్పుకుంటారు. వారాలు గడిచినా కుక్క జాలీ ముందు అదే బిగుసుకున్న చూపుతో నిలబడి తిండి కూడా ముట్టకపోతే, లేదా అడ్డం వచ్చిన మీ చేతిని కరవబోతే, ఆలస్యం చేయకుండా వాళ్లకు చెప్పండి. పిల్లి లేని ఇంట్లో ఆ కుక్క హాయిగా ఉంటుంది.

చివరగా ఆ ఆదివారం గురించి. సాయంత్రం తెచ్చి సోమవారం పొద్దున్నే ఇద్దరూ ఆఫీసుకు వెళ్లిపోయేట్టయితే ఆ రోజు వద్దు. అత్తయ్యగారి మీద లీష్, పిల్లి, తలుపులు అన్నీ పడతాయి, పాపం. వరుసగా మూడు నాలుగు రోజులు ఒకరైనా ఇంట్లో ఉండేలా సెలవు దొరికినప్పుడు తెచ్చుకోండి. అది దీపావళి వారమో, మీ వీధిలో గణేశ్ నిమజ్జనం డప్పులు మోగే వారమో కాకుండా చూసుకోండి, ఆ మోతకు రెండూ ముందే హడలిపోయి ఉంటాయి. ఈలోగా బీరువా పైన ఖాళీ చేసి, పిల్లి తలుపుకు తాడు కట్టి పెట్టేయండి. కుక్క వచ్చేనాటికి ఆ సందులోంచి దూరడం, ఆ పైకెక్కడం పిల్లికి అలవాటై ఉండాలి.